ధూమకుడు ఎందుకలా చేశాడు

నా చిన్నప్పుడు నేనొక కథలో ఒక పేజీ మార్చాను. ఆ కథ నాది కాదు. ఆ పేజీ రాయాల్సిన చెయ్యీ నాది కాదు. ఎవరూ చూడలేదు కాబట్టి అదొక చిన్న ఆకతాయి పని అనుకుని కొన్నాళ్ళు హాయిగా తిరిగాను. దానివల్ల ఒకరి చదువు, ఇంకొకరి పరువు పోయాయని తెలిశాక కూడా నోరు విప్పలేదు. పేజీ మార్చడం కన్నా ఆ మౌనమే పెద్ద తప్పని ఇప్పుడు, తల నెరిశాక, తడబడకుండా చెప్పగలుగుతున్నాను.

తొంభైల నాటి సంగతి. నర్సీపట్నంలో చర్చి వెనక వీధిలో ఉండేవాళ్ళం. నేను ఏడో తరగతి. మా పక్కింటి అక్క అప్పటికి ఇంటర్ పూర్తిచేసి ఇంట్లో ఉంది. వాళ్ళ నాన్నగారు ఆసుపత్రిలో కాంపౌండరు. తెల్ల చొక్కా మీద ఒక్క మరక కూడా ఉండనిచ్చేవారు కాదు, మాట కూడా అలాగే ఉండేది. ఆయన కూతురికి నర్సు ట్రైనింగు సీటు మాట్లాడి ఉంచారు. అక్కకేమో విశాఖపట్నం వెళ్ళి తెలుగు బి.ఏ. చదవాలని ఉండేది. నర్సు పని తక్కువని కాదు, తనకి రాయడం తప్ప ఇంకేదీ పట్టదని.

ఆ ఏడు ఒక మాసపత్రిక వాళ్ళు జానపద నవలల పోటీ పెట్టారు. అక్క ఆ ప్రకటన కత్తిరించి వాళ్ళ నాన్నగారి ముందు పెట్టింది. ఆయన రెండుసార్లు చదివి, "నవల ఎంపికైతే నీ ఇష్టం అమ్మా, బి.ఏ.లో నేనే చేర్పిస్తాను. కాకపోతే జూన్‌లో ట్రైనింగుకి ఏడవకుండా వెళ్ళాలి" అన్నారు. ఈ ఒప్పందం వీధిలో అందరికీ తెలుసు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద ఆడవాళ్ళు, "నవల ఎంతవరకూ వచ్చిందే?" అని అడిగేవారు.

నవల బాగానే వచ్చింది కానీ అక్క చేతిరాత అక్కకే అర్థమయ్యేది కాదు. పత్రిక వాళ్ళేమో కాగితానికి ఒకవైపే, అంచు వదిలి, కొట్టివేతలు లేకుండా రాయాలన్నారు. అందుకని సాపు ప్రతి రాయడానికి ఇద్దరు పిల్లల్ని పెట్టుకుంది. ఒకణ్ణి నేను. రెండోవాడు నా తరగతిలోనే చదివే స్నేహితుడు. వాడిది మాకవరపాలెం దగ్గర ఊరు. మా వీధిలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేవాడు. ఇద్దరం బడిలో ఒకే మాస్టారి దగ్గర చేతిరాత దిద్దుకున్నవాళ్ళమే కాబట్టి మా రాతలు పక్కపక్కన పెడితే కవలల్లా ఉండేవి. వాడు రాకముందు బడిలో చేతిరాతకి బహుమతి నాదే. వచ్చిన ఏడాదే అది వాడిదైంది. ఆ మంట నాలో అప్పటికే ఉంది.

బడి అయ్యాక అక్క వాళ్ళ వరండాలో కూర్చునేవాళ్ళం. అధ్యాయం మొదలుపెట్టే ముందు అక్క దాన్ని మా ఇద్దరికీ చదివి వినిపించేది. నల్లకోట రాజు సైన్యం తెల్లకొండ పట్నాన్ని ముట్టడిస్తుంది. తెల్లకొండలో ఒక రాకుమారుడు ఉంటాడు, మాయల కత్తి ఉంటుంది, అన్నీ ఉంటాయి. కానీ అక్క కథ ఆ వైపు వెళ్ళేదే కాదు. ఎప్పుడూ శత్రువుల గుడారాల్లోనే తిరిగేది. రాకుమారుడు ఎప్పుడొస్తాడని నేను విసుక్కుంటే నవ్వేది.

"రాకుమారుడి వెనకాల అందరూ పోతార్రా. అటేపు ఈటె పట్టుకుని నిలబడ్డోడు ఆ పూట ఏటి తిన్నాడో, ఎందుకొచ్చాడో ఎవడైనా అడిగాడేటి?"

ఆ గుడారాల్లో ఇద్దరు కాలిబంట్లు ఉండేవారు, శరభుడు, ధూమకుడు. ఒకే కుండలో వండుకు తింటారు, కానీ సైన్యం ముందు జెండా మోసే పదవి కోసం ఇద్దరూ పోటీపడతారు. ఎవరూ చెప్పకుండానే శరభుడు నావాడు, ధూమకుడు వాడివాడు అయిపోయారు. దారిలో నడుస్తూ కూడా వాదించుకునేవాళ్ళం.

"నీ ధూమకుడు గుర్రం ఎక్కలేడురా, ఎక్కితే గుర్రమే నవ్వుతాది" అనేవాణ్ణి.

"నీ శరభుడికి గుర్రం ఇస్తే కదా ఎక్కడానికి! ముందు ఆడికి సెప్పులు కొనమను అక్కని" అనేవాడు వాడు.

సగం పైగా రాశాక ఒక అధ్యాయం వచ్చింది. గాయపడిన శత్రువుకి శరభుడు నీళ్ళు పోస్తాడు. ధూమకుడు అది చూసి సేనాపతికి చెప్పేస్తాడు. శరభుడికి కొరడా దెబ్బలు, ధూమకుడికి జెండా. అక్కడిదాకా విని నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను, వాడి బంటు ద్రోహి అయ్యాడు కదా అని. కానీ అక్క పేజీ తిప్పింది. జెండా మోసేవాడి ఇంటి నుంచి ఇంకొకరిని యుద్ధానికి పట్టుకుపోకూడదని ఆ రాజ్యంలో కట్టుబాటు. ధూమకుడికి పన్నెండేళ్ళ తమ్ముడున్నాడు. జెండా దొరక్కపోతే వచ్చే పంటకి రాజభటులు ఆ పిల్లాణ్ణి తీసుకుపోతారు. ఆ తమ్ముణ్ణి తలుచుకుంటూ, శరభుడి వీపు మీద పడే దెబ్బలు లెక్కపెడుతూ, ధూమకుడు జెండా కర్ర పట్టుకుని నిలబడతాడు. ఆ అధ్యాయం రాసే వంతు వాడిది. "ఇది నువ్వే రాయి. నెమ్మదిగా రాయి" అని కాగితాలు వాడి చేతికిచ్చింది. మర్నాడు వాడు రాసిన మొదటి పేజీ చూసి మా అమ్మని కూడా పిలిచి చూపించింది.

దెబ్బలు తిన్నది నా శరభుడు. జాలేమో ధూమకుడి మీద. మెప్పేమో వాడికి. ఆ రోజు అన్నం సయించలేదు నాకు.

చివర్లో గడువు తరుముకొచ్చింది. మొదటి అధ్యాయాలన్నీ అక్క మళ్ళీ చదివి సరిచూసింది కానీ సగం తర్వాతివాటికి తీరిక లేక మమ్మల్ని నమ్మింది. శనివారం సాయంత్రం కట్ట నా చేతికిచ్చి, ఇంటికి తీసుకెళ్ళి పేజీ నంబర్లు వేసి సోమవారం తెమ్మంది. నంబర్లు వేస్తూ వేస్తూ నూట పద్దెనిమిది దగ్గర ఆగాను. అదే ఆ తమ్ముడి పేజీ.

ఆదివారం అక్కావాళ్ళందరూ చర్చిలో పాటలు పాడుతుండగా నేను మా ఇంట్లో కొత్త కాగితం తీసి స్కేలుతో అంచు గీసి, ఆ పేజీని తిరగరాశాను. తమ్ముడు లేడు. కట్టుబాటు లేదు. సేనాపతి ఇచ్చిన బంగారు సంచీ కోసం ధూమకుడు స్నేహితుణ్ణి అమ్మేశాడు, అమ్మి నవ్వాడు. చెడ్డవాడు చెడ్డవాడిలా ఉంటేనే చదివేవాళ్ళకి బాగుంటుందని, అక్కకి మేలే చేస్తున్నానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పెన్సిలు గీత రబ్బరుతో చెరిపాను. వాడు రాసిన పేజీ చింపి పొయ్యిలో పెట్టాను. సోమవారం అక్క కట్టకి దారం కట్టి రిజిస్టరు పోస్టులో పంపింది.

మూడు నెలలకి కట్ట తిరిగొచ్చింది. లోపల ఒక ఉత్తరం. నవల ఆఖరి వడపోత దాకా వెళ్ళిందట. భాష బాగుందట. కానీ బంగారానికి మిత్రుణ్ణి అమ్మినవాణ్ణి యుద్ధం చివర్లో శరభుడు తన చేతికి చిక్కాక కూడా ఎందుకు వదిలేశాడో తెలియలేదట. అంతవరకూ కథలో లేని తమ్ముడు ఆఖరి అధ్యాయంలో ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో కూడా అర్థం కాలేదట. ముగింపు కుదరనందువల్ల ఎంపిక చేయలేకపోతున్నామని రాశారు.

అక్క వరండాలో కూర్చుని కట్ట విప్పి ఒక్కొక్క పేజీ తిప్పుతుంటే నేను మా గుమ్మంలో నిలబడి చూశాను. నూట పద్దెనిమిది దగ్గర చెయ్యి ఆగింది. ఆ అధ్యాయం రాసింది వాడు. వాణ్ణి పిలిపించింది.

వాడు పేజీ చూశాడు. చాలాసేపు చూశాడు. "నాను రాయలేదక్కా" అన్నాడు.

"మరెవరు రాశార్రా? నీ అధ్యాయమే కదా?"

"నాను రాయలేదు" అని మళ్ళీ అన్నాడు. తల తిప్పి నా వైపు కూడా చూడలేదు.

అక్క వాణ్ణి తిట్టలేదు కానీ వాడి మేనత్త ఊరుకోక ఊరికి కబురు పెట్టింది. ఆ వారమే వాళ్ళమ్మ బస్సు దిగి వచ్చింది. వీధిలో నలుగురూ చూస్తుండగా, అక్క వాళ్ళ గేటు ముందు వాడి జబ్బ పట్టుకుని కొట్టింది. "ఆడపిల్ల బతుకుతో ఆటలేట్రా నీకు? ఇందుకేట్రా నిన్ను సదువుకి పంపింది?" అంటూ కొట్టింది. అక్క పరుగున వచ్చి అడ్డం నిలబడితే అక్కకి కూడా ఒక దెబ్బ తగిలింది. నేను మా కిటికీ ఊచలు పట్టుకుని ఉన్నాను. పదడుగులు నడిచి "అది నేను" అంటే ఆ చెయ్యి ఆగేది. ఆ పదడుగులూ నడవలేదు. సాయంత్రం బస్సుకి వాడి ట్రంకు పెట్టెతో సహా తీసుకుపోయింది. వాడు మిగతా చదువు వాళ్ళ ఊరి వైపే చదివాడు.

నాలుగు రోజుల తర్వాత అక్క నన్ను పిలిచింది. కట్ట వరండాలో పరిచి ఉంది. "వాడు అంచు కోసం కాగితం మడిచేవాడు. ఎప్పుడూ గీత గీసేవాడు కాదు. నువ్వు గీసి చెరుపుతావు" అంది. నూట పద్దెనిమిదో పేజీని వెలుతురుకి పట్టి చూపించింది. చెరిపిన పెన్సిలు గీత లీలగా కనిపించింది. కొడుతుందనుకున్నాను. వాళ్ళ నాన్నగారిని పిలుస్తుందనుకున్నాను. అక్క ఒక తెల్లకాగితం, పెన్ను నా ముందు పెట్టింది.

"నల్లకోటలో ఇంకో బంటు ఉన్నాడనుకో. రాజుగారి ఉత్తరువులు సాపు రాసేవోడు. ఒకరోజు ఉత్తరువు మార్చేశాడు. ఎందుకు మార్చాడో రాయి. ఆడు చెడ్డోడని మాత్రం రాయకు. అలా రాయడం సులువు, నీకు బాగా వచ్చు కూడా. ఆడికేటి కావాలో రాయి."

ఆ ఒక్క కాగితం నింపడానికి నాకు చీకటి పడేదాకా పట్టింది. రాజు మీద కోపమని రాసి కొట్టేశాను. రాజ్యం బాగుకోసమని రాసి కొట్టేశాను. చివరికి ఆ బంటు రాసిన దాన్ని ఎవరూ పక్కింటివాళ్ళని పిలిచి చూపించలేదని రాశాను. అక్కడితో పెన్ను ఆగిపోయింది. బంగారు సంచీ నా ఊహలో ఎంత తేలిగ్గా పుట్టిందో, ఈ చిన్న కారణం బయటికి రావడానికి అంత కష్టమైంది. కాగితం మీద కన్నీళ్ళు పడి సిరా పాకింది.

అక్క చదివింది. ఆమె కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి. జూన్ ఇంక ఎన్నో రోజులు లేదు. "ఇలా రాసుంటే నా నవలలో పెట్టుకుందును కదరా" అంది. కాగితం మడుస్తూ, "నాకు సెప్పడం అయింది. ఇది సెప్పాల్సింది ఆడికి. ఆడి తప్పు కాదని నాను వాళ్ళమ్మకి ఉత్తరం రాస్తాను. ఎవరి తప్పో నాను రాయను. అది నువ్వు ఎల్లి సెప్పాలి. బేగి ఎల్లు" అంది.

సరే అన్నాను. అక్క జూన్‌లో ట్రైనింగుకి వెళ్ళిపోయింది, ఒప్పుకున్నట్టే ఏడవకుండా. మాకవరపాలేనికి బస్సులో ఎంతసేపని? నేను ఆ దూరం దాటడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. పరీక్షలయ్యాక వెళ్దామనుకున్నాను, పండగ తర్వాత అనుకున్నాను, వాడు మరిచిపోయి ఉంటాడనుకున్నాను. ఆ మధ్యలో ఎవరు ఎవరి గురించి "వాడు అలాంటివాడే" అన్నా నాకు నా చేత్తో రాసిన బంగారు సంచీ గుర్తొచ్చి అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయేవాణ్ణి. ఒకసారి ఆ బస్సెక్కి, వాళ్ళ ఊరి మలుపు దగ్గర దిగకుండా ముందుకి వెళ్ళిపోయి, అక్కణ్ణుంచి తిరుగు బస్సెక్కాను. ఇది ఎవరికీ చెప్పలేదు ఇంతవరకూ.

డిగ్రీ పూర్తయిన వేసవిలో వెళ్ళాను. వాళ్ళమ్మ వాకిట్లో జీడిపిక్కలు ఎండబోస్తోంది. నేను ఫలానా అని చెప్పి, నిలబడే అంతా చెప్పేశాను. ఆమె వినడం ఆపలేదు, పిక్కలు పరచడం కూడా ఆపలేదు.

"ఆ అమ్మాయి ఉత్తరం రాసింది. ఆడి తప్పు కాదని. మంచి పిల్ల కదా, జాలిపడి రాసిందనుకున్నాను" అంది. తర్వాత చేతులు దులుపుకుని నా ముఖంలోకి చూసింది. "ఇప్పుడు సెప్తే ఏటి సెయ్యమంటావు బాబూ? నాను కొట్టేశాను కదా."

వంగి, పక్కకి దొర్లిన పిక్కలు ఏరి కుప్పలో వేశాను.

వాడు చెరకు తోట నుంచి సైకిలు మీద వచ్చాడు. బాగా పొడుగయ్యాడు. నన్ను చూసి సైకిలు దిగకుండానే, "ఏట్రా శరభుడూ, దారి తప్పొచ్చావేటి?" అన్నాడు. నేను మళ్ళీ మొదటి నుంచీ చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు ఆ రోజే తెలుసు. నాలా రాశాననుకున్నావు కానీ, నీ మొహంలా ఉంది ఆ పేజీ."

"మరి అక్కకి నా పేరు ఎందుకు చెప్పలేదురా?"

సైకిలు స్టాండు వేస్తూ ఆలోచించాడు. "నాను రాయలేదని సెప్పాను కదా. నీ పేరు కూడా సెప్పీసుంటే ఇద్దర్నీ రావొద్దనీదురు. అక్క ఇంకో పోటీకి పంపుతాదేమో, ఒక్కడైనా ఉండాలి కదా రాయడానికి అనుకున్నాను." తర్వాత పక్కకి తిరిగి, "రోజూ సూసీవోణ్ణి, నువ్వొస్తావేమోనని. ఎనిమిదో తరగతి అయిందాకా సూశాను. తర్వాత మానీసాను" అన్నాడు.

వాడు అలా అంటాడని నేను ఊహించలేదు. ఎనిమిదేళ్ళూ వాడి మౌనానికి రకరకాల కారణాలు కల్పించాను. భయమనుకున్నాను, పొగరనుకున్నాను, నా మీద పగ పెంచుకుంటున్నాడనుకున్నాను. అసలు కారణం వాటి దరిదాపుల్లో కూడా లేదు. వాడు నన్ను క్షమించానని అనలేదు. అన్నం తినిపోమన్నాడు. తిన్నాను. తర్వాత వాణ్ణి వెంటబెట్టుకుని మా వీధికి వచ్చి, వాడి మేనత్తకీ, బతికున్న ఇరుగుపొరుగు పెద్దలకీ నా నోటితోనే జరిగింది చెప్పాను. కొందరు గుర్తే లేదన్నారు. మేనత్త మాత్రం నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

అక్క అప్పటికి విశాఖపట్నంలో నర్సు. ఆదివారం మధ్యాహ్నం డ్యూటీ దిగాక కలిశాను. ఆమె దగ్గర చిత్తు నోటు పుస్తకాలు భద్రంగానే ఉన్నాయి. అవి అడిగి తెచ్చుకుని, ఆ వేసవంతా నవల మొత్తం మొదటి నుంచీ తిరిగి సాపు రాశాను. కట్ట తీసుకెళ్ళి ఇచ్చి, ఈసారి నేనే పోస్టు చేస్తానన్నాను. పత్రిక వాళ్ళకి ఆ పేజీ ఎవరు మార్చారో చెబుతూ రాసిన ఉత్తరం కూడా జేబులోంచి తీశాను. అక్క ఆ ఉత్తరం చదివి తనే ఉంచుకుంది. కట్ట తిరగేసింది.

"ఇది ఇలా పంపను రా" అంది. "వార్డులో ఇన్నేళ్ళు చూశాక తెలిసింది, ధూమకుడు దెబ్బలు లెక్కపెట్టడు. లెక్కపెట్టలేడు. చెవులు మూసుకుంటాడు. మళ్ళీ రాయాలి."

మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. డ్యూటీల మధ్య ఎప్పుడో ఒక అధ్యాయం వచ్చేది, ఒక్కోసారి ఏడాదికి ఒకటి. అది అచ్చవుతుందో లేదో నాకు తెలియదు, ఆమె పోగొట్టుకున్న చదువుకి అది బదులు కాదని మాత్రం తెలుసు. వచ్చిన ప్రతి అధ్యాయాన్నీ నేను సాపు రాసి తిరిగి పంపేవాణ్ణి, ఇప్పటికీ పంపుతున్నాను. కామా కూడా కదపను. కథ నాకు నచ్చని చోట, ఎవడో ఒక బంటు చేసింది మింగుడుపడని చోట, నా మాటేదో ఉంటే దాన్ని వేరే కాగితం మీద రాసి, కింద నా పేరు పెట్టి, ఆ పేజీ పక్కన ఉంచుతాను.